అనకాస్టియా కొండ మీద ఇల్లు, అమ్మ అడిగిన ప్రశ్న

తెనాలి అబ్బాయి
అందరికీ నమస్కారం. అమ్మా నాన్నగారూ మా దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. వైట్‌హౌస్, క్యాపిటల్, మ్యూజియంలు అన్నీ చూపించేశాను. పోయిన శనివారం ఏం చూపించాలో తోచక, వాషింగ్టన్‌లోనే నది అవతల అనకాస్టియాలో ఉన్న ఫ్రెడరిక్ డగ్లస్ ఇంటికి తీసుకెళ్ళాను. సీడర్ హిల్ అంటారు. కొండ మీద ఇల్లు. అమ్మ మోకాళ్ళ నొప్పులతో నాలుగుసార్లు ఆగి ఆగి మెట్లెక్కింది.

ఆయన గురించి నాకు తెలిసింది తక్కువే. 1818లో మేరీలాండ్‌లో బానిసగా పుట్టాడు, ఇరవై ఏళ్ళకి పారిపోయాడు, బానిసత్వం పోవాలని జీవితమంతా మాట్లాడాడు, రాశాడు. లోపల ఆయన వయొలిన్, గోడల నిండా పుస్తకాలు, పడకగదిలో కసరత్తు చేసుకునే డంబెల్స్ ఉన్నాయి. ఇంటి వెనక ఒక చిన్న రాతి గది. ఎవరూ కదిలించకుండా కూర్చుని రాసుకోవడానికట. దానికి 'గ్రౌలరీ' అని పేరు పెట్టుకున్నాడు, అంటే గుర్రుమనుకునే గది. నాన్నగారికి అది తెగ నచ్చింది. ఇంటికెళ్ళాక పశువుల కొట్టం పక్కన అలాంటిది ఒకటి వేయించుకుంటారట.

మొదటి భార్య ఆనా గది దగ్గర, ఆవిడకి చదవడం రాయడం దాదాపు రాదు అని గైడ్ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. అమ్మ కాసేపు ఆ మంచం వంక చూసి, "అంత చదువుకున్నాడన్నావు, లోకానికంతా చెప్పాడన్నావు. ఇంట్లో మనిషికి ఎందుకు చెప్పలేదురా?" అంది. గైడ్‌ని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కారులో నాన్నగారిది ఇంకో ప్రశ్న. "పోయి నూట ముప్పై ఏళ్ళయింది. ఆయన మాట తరవాతి వాళ్ళకి ఎక్కడ పనికొచ్చింది?" నాన్నగారు ముప్పై ఏళ్ళు రైతు సంఘం మీటింగులకి తిరిగిన మనిషి, ఊరికే వదలరు. తెలిసినవాళ్ళు చెప్పండి. అమ్మ ప్రశ్నకి కూడా.

పుస్తకాలపిచ్చి
అబ్బాయి గారూ, మీ నాన్నగారికి ముందు అక్షరాల సంగతి చెప్పండి.

ఎనిమిదేళ్ళప్పుడు ఆయన్ని బాల్టిమోర్‌లో ఆల్డ్ అనే వాళ్ళింటికి పంపారు. ఇంటావిడ సోఫియా మంచిది, ఏబీసీడీలు మొదలుపెట్టింది. భర్తకి తెలిసి ఆపించేశాడు. వీడికి చదవడం వస్తే ఇక మన చేతిలో ఉండడు అని పిల్లాడి ముందే అన్నాడు. ఆ పిల్లాడికి అందిన అసలు పాఠం అదే. ఇంతగా వద్దంటున్నాడంటే తాళంచెవి ఇక్కడే ఉందన్నమాట!

తరవాత ఏం చేశాడో చూడండి. జేబులో రొట్టె ముక్కలు పెట్టుకుని వీధిలోకి వెళ్ళేవాడు. తిండికి లేని తెల్ల పిల్లలకి రొట్టె ఇచ్చి, బదులుగా ఒక్కో మాట నేర్చుకునేవాడు. రాయడం ఓడలు కట్టే చోట వచ్చింది. వడ్రంగులు దుంగ మీద సుద్దతో గుర్తు పెడతారు. ఓడ ఎడమ వైపుకి వెళ్ళే దుంగకి 'ఎల్', కుడి వైపు దానికి 'ఎస్', ముందు భాగానికి 'ఎఫ్', వెనక భాగానికి 'ఏ'. ఆ నాలుగూ పట్టుకుని, వీధిలో పిల్లల దగ్గరికి వెళ్ళి "నీకన్నా నాకే బాగా రాయడం వచ్చు" అని పందెం వేసేవాడు. వాళ్ళు రోషంతో మిగతావి రాసి చూపిస్తే, అవి దొంగిలించుకునేవాడు. పన్నెండేళ్ళకి యాభై సెంట్లు పెట్టి ఉపన్యాసాల పుస్తకం ఒకటి కొన్నాడు. అందులో ఒక బానిసకీ యజమానికీ వాదన జరుగుతుంది. చివరికి బానిస గెలుస్తాడు.

నేను టీచర్ని. తొమ్మిదో తరగతికి ఈ సుద్దముక్క కథ చెప్పిన రోజు క్లాసులో చప్పుడు ఉండదు.

ఎదురుగాలి
అమ్మయ్య, మళ్ళీ 'చదువుకుంటే అన్నీ వస్తాయి' కథ. కోచింగ్ సెంటర్ బోర్డు మీద కూడా పెట్టుకోవచ్చు.

టీచర్ గారూ, కోపం వద్దు. ఆయన తన పుస్తకంలో మలుపు అని రాసుకున్నది చదువు గురించి కాదు, కొట్లాట గురించి. పదహారేళ్ళప్పుడు మాట వినడం లేదని కోవీ అనే వాడి పొలానికి అద్దెకి పంపారు. బానిసల్ని లొంగదీయడమే వాడి పేరు, వాడి పని. ఆర్నెల్లు కొరడా దెబ్బలు తిన్నాక, 1834 ఆగస్టులో ఒక రోజు వాడి గొంతు పట్టుకున్నాడు. దాదాపు రెండు గంటలు పెనుగులాట. ఆ తరవాత కోవీ మళ్ళీ చెయ్యెత్తలేదు. "మనిషిని బానిసగా ఎలా చేశారో చూశారు, బానిస మనిషి ఎలా అయ్యాడో ఇప్పుడు చూస్తారు" అని ఆ ఘట్టానికి ముందు రాశాడు.

నాన్నగారి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. 1969లో లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన ఏంజెలా డేవిస్ మొదటి పాఠాలు డగ్లస్ పుస్తకం మీదే చెప్పింది, ఈ కొట్లాటనే పట్టుకుని. ఎదురుతిరగడం దగ్గరే స్వేచ్ఛ మొదలవుతుందని.

పుస్తకాలపిచ్చి
కోపమేం లేదు. కానీ ఆ కొట్లాట మనకి తెలిసింది ఆయన రాశాడు కాబట్టే కదండీ. కోవీ పొలంలో ఎదురుతిరిగినవాళ్ళు ఇంకెంతమందో. వాళ్ళ పేర్లు మీరు చెప్పండి.

ఎదురుగాలి
ఒప్పుకున్నా. ఒక పాయింట్ మీది.

రాచెస్టర్ రావు
మా ఊరి సంగతి రాకుండానే చర్చ ఇంత దూరం వచ్చిందే!

డగ్లస్ పాతికేళ్ళు మా రాచెస్టర్‌లోనే ఉన్నాడు. 1847 డిసెంబర్ 3న 'నార్త్ స్టార్' పత్రిక ఇక్కడే మొదలుపెట్టాడు. ఉత్తర నక్షత్రం, అంటే మన ధ్రువ నక్షత్రమే. రాత్రి పూట పారిపోయేవాళ్ళకి దిక్కు చూపించేది అదే, అందుకే ఆ పేరు. ఇక్కడి నుంచి ఒంటారియో సరస్సు దాటితే కెనడా. పారిపోయి వచ్చినవాళ్ళని ఇంట్లో దాచి, తిండి పెట్టి, పడవ ఎక్కించేవాళ్ళు. ఆయన ఊళ్ళు తిరిగేవాడు కాబట్టి అర్ధరాత్రి తలుపు తీసి పొయ్యి వెలిగించింది ఎక్కువగా ఆనా. ఇది అమ్మగారికి చెప్పండి.

1852లో ఇక్కడి మహిళా సంఘం వాళ్ళు జూలై 4 స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగానికి పిలిచారు. ఆయన జూలై 5న మాట్లాడాడు. "ఈ జూలై నాలుగు మీది, నాది కాదు. మీరు సంబరపడవచ్చు, నేను ఏడవాలి." పిలిచినవాళ్ళ ముందే అన్నాడు. ఇప్పటికీ మసాచుసెట్స్‌లో ఊరూరా జనం జూలైలో ఒకచోట చేరి ఆ ప్రసంగాన్ని తలా ఒక పేరా చదువుతారు. నేను ఒకసారి బోస్టన్‌లో నా వంతు చదివాను. నా ఇంగ్లీషు యాసకి ఎవరూ నవ్వలేదు, కానీ నాకే గొంతు వణికింది.

2020లో సరిగ్గా ఆ జూలై 5న మా పార్కులో ఆయన విగ్రహాన్ని ఎవరో పీకి పడేశారు. అంటే ఇంకా ఎవరికో గుచ్చుకుంటున్నాడనే కదా. కొన్ని రోజులకే కొత్తది పెట్టేశారు.

సీమ చినుకు
అనంతపురం నుంచి. కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. వాట్సాప్‌లో ఆయన మాట ఒకటి తెగ తిరుగుతుంటుంది: అడగనిదే అధికారం ఏదీ వదలదు, ఎప్పుడూ వదల్లేదు, ఎప్పటికీ వదలదు. జిమ్ ట్రైనర్ స్టేటస్‌లోనూ చూశాను. అది ఎప్పుడు అన్నాడో చెబితే దాని బరువు తెలుస్తుంది.

1857 ఆగస్టు 3, న్యూయార్క్ రాష్ట్రంలో కనన్‌డేగ్వా అనే ఊరు. అదే ఏడాది మార్చిలో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీం కోర్టు, నల్లవాళ్ళు అసలు ఈ దేశ పౌరులే కాలేరని తీర్పు ఇచ్చింది. ఐదు నెలలు కూడా కాలేదు. మీటింగ్ దేని గురించంటే, బ్రిటిష్ వాళ్ళు వెస్టిండీస్‌లో బానిసత్వం తీసేసిన రోజు పండగ. అక్కడ అందరూ విల్బర్‌ఫోర్స్ లాంటి తెల్ల పెద్దమనుషుల్ని పొగుడుతారు. డగ్లస్ వాళ్ళని పొగిడి ఊరుకోలేదు. ఆ దీవుల్లో బానిసల తిరుగుబాట్లు కూడా ఆ పని చేశాయి అని లెక్క సరిచేశాడు.

ఆ ప్రసంగంలో ఇంకో మాట ఉంది, దాన్ని తెలుగులో పెట్టడం నాకు చాలా ఇష్టం: "స్వేచ్ఛ కావాలంటారు, అలజడి వద్దంటారు. వీళ్ళు దుక్కి దున్నకుండా పంట కావాలనేవాళ్ళు. ఉరుములూ మెరుపులూ లేకుండా వాన కావాలనేవాళ్ళు." ఇది తర్జుమా చేసినట్టే ఉండదు. మా సీమలో ఎవరైనా అరుగు మీద కూర్చుని అన్నట్టు ఉంటుంది.

తెనాలి అబ్బాయి
సీమ చినుకు గారూ, మీ పోస్టు నాన్నగారికి చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి ఆలోచించి, "మాట బాగుంది గానీ మన వైపు ఇప్పుడు వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న వేస్తున్నాం, పంట బాగానే వస్తోంది" అన్నారు.

రెండో వాక్యం దగ్గర మాత్రం ఏమీ అనలేదు.

సీమ చినుకు
😄 నాన్నగారికి నా నమస్కారాలు. మా వైపు వానే లేదు, ఇక ఉరుముల మాట దేవుడెరుగు.

వరంగల్ వాడు
అన్నా, మన దేశంల ఈ మాట ఎక్కడిదాకా వచ్చిందో ఒక ముక్క చెప్త.

జ్యోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరి' రాసిండు. గులాంగిరి అంటేనే బానిసత్వం. దాన్ని ఎవరికి అంకితం ఇచ్చిండో తెలుసా? నీగ్రో బానిసత్వం తీసేసే పనిల త్యాగం చేసిన అమెరికా మంచి మనుషులకు. మా దేశస్థులు కూడా వాళ్ళను చూసి శూద్ర సోదరులను విడిపించాలె అని రాసిండు. అమెరికాల అంతర్యుద్ధం ముగిసి ఎనిమిదేండ్లు కూడా నిండలేదో నిండిందో, పుణెల కూసున్న మనిషి దాన్ని తన పోరాటానికి అద్దంలెక్క పట్టుకున్నడు. అంబేద్కర్ 1946లో అమెరికా నల్లవాళ్ళ మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసిండు, అమెరికా నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టే పిటిషన్ కాపీ కావాలని. డుబాయిస్ జవాబిచ్చిండు.

మా తాత వెట్టి చేసిన మనిషి. దొర గడి ముందట చెప్పులు చేతుల పట్టుకుని నడిచినోడు. అది, ఇది ఒకటే అంట లేను. మనిషిని సంతల పెట్టి అమ్ముడు వేరే. కానీ తల దించుడు మాత్రం రెండు తావుల్ల ఒకటే.

ఎదురుగాలి
వరంగల్ అన్నా, మంచి ముక్క. కానీ ఆ అంకితంలో ఒక సంగతి గమనించావా? డగ్లస్ పేరు లేదు. 'మంచి మనుషులు' విడిపించారు అన్నట్టే ఉంది. యుద్ధంలో ఉత్తరాది తరఫున దాదాపు లక్షా ఎనభై వేల మంది నల్ల సైనికులు పోరాడారు. డగ్లస్ తన కొడుకుల్లో ఇద్దర్ని పంపాడు. తెల్ల సైనికుడికి నెలకి 13 డాలర్లు, నల్ల సైనికుడికి 10, అందులో బట్టలకి 3 కోత. 1863 ఆగస్టులో లింకన్ దగ్గరికి వెళ్ళి దీని మీద ముఖాన్నే అడిగాడు. మరుసటి ఏడాది కాంగ్రెస్ జీతం సమానం చేసింది. ఎవరో వచ్చి విడిపించిన కథ కాదు ఇది.

వరంగల్ వాడు
నువ్వన్నది నిజమే. 1873లో పుణెకు అందిన కబురు అంతే అయ్యుంటది అనుకుంట.

లాయర్ లక్ష్మి
ఆలస్యంగా వచ్చాను. కోర్టు సెలవులు కాబట్టి పొడుగ్గా రాస్తాను, భరించండి.

నాకు డగ్లస్‌లో నచ్చేది ఆయన మనసు మార్చుకున్న తీరు. మొదట్లో ఆయన, బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలో తెల్ల నాయకుడైన గారిసన్ శిష్యుడు. గారిసన్ వాదం ఏమిటంటే, అమెరికా రాజ్యాంగం బానిసత్వంతో చేసుకున్న పాపపు ఒప్పందం, దాన్ని తగలబెట్టాలి, ఓటు కూడా వేయకూడదు. డగ్లస్ పదేళ్ళు అదే చెప్పాడు. 1851లో బహిరంగంగా ప్లేటు మార్చాడు. రాజ్యాంగం మాటల్ని ఉన్నవి ఉన్నట్టు చదివితే అవి స్వేచ్ఛ వైపే ఉన్నాయి, ఆ కాగితాన్ని యజమానులకి ఎందుకు వదిలేయాలి అన్నాడు. పాత స్నేహితులు ద్రోహి అన్నారు. గారిసన్‌తో మాటలు పోయాయి.

మా వృత్తిలో రోజూ చేసే పని ఇదే. 'సమానత్వం అని మీరే రాశారు, ఇదిగో మీ సంతకం' అని జడ్జి ముందు పెట్టడం. అమెరికాలో పౌరహక్కుల లాయర్లు వందేళ్ళ తరవాత చేసింది అదే.

ఇంకో చిక్కు కేసు ఆయన సొంతది. 1845లో ఆత్మకథ అచ్చయ్యాక ఊరూ పేరూ బయటపడింది, పట్టుకుపోతారని ఐర్లండ్, బ్రిటన్ వెళ్ళిపోయాడు. అక్కడ న్యూకాజిల్‌లో రిచర్డ్‌సన్ కుటుంబం ఆడవాళ్ళు చందాలు పోగుచేసి, 1846 డిసెంబర్‌లో 150 పౌండ్లకి ఆయన్ని ఆల్డ్ దగ్గర్నుంచి కొని విడిపించారు. డాలర్లలో 711 చిల్లర. ఉద్యమంలో గోల! కొనడమంటే మనిషి ఆస్తే అని ఒప్పుకున్నట్టు కాదా అని. డగ్లస్ జవాబు సూటిగా ఉంది. దొంగకి డబ్బిచ్చి నా వస్తువు తెచ్చుకుంటే, అది వాడిది అయిపోదు. సిద్ధాంతం కోసం నన్ను సంకెళ్ళతో ఉంచమంటారా? నేను మాత్రం ఆయన పక్షమే.

రాచెస్టర్ రావు
ఐర్లండ్ అంటే గుర్తొచ్చింది. బెల్‌ఫాస్ట్‌లో ఫాల్స్ రోడ్డు గోడ మీద ఆయన బొమ్మ వేశారు, 2023లో ఊరి మధ్య విగ్రహం కూడా పెట్టారు. అక్కడి జనం ఆయన్ని తమ మనిషి అనుకుంటారు. డబ్లిన్‌లో ఐరిష్ నాయకుడు ఓకానెల్ ఉపన్యాసం వినడానికి జనంలో నిలబడ్డవాడు కదా.

ఎదురుగాలి
అందరూ హారతి పడుతున్నారు. 1869 సంగతి ఎవరూ ఎత్తరేం? నల్ల మగవాళ్ళకి ఓటు ముందు, ఆడవాళ్ళది తరవాత అన్నాడు. అమ్మగారి ప్రశ్నకి జవాబు అక్కడే దొరుకుతుందేమో.

పుస్తకాలపిచ్చి
ఎత్తండి, కానీ మొత్తం ఎత్తండి. 1848 జూలైలో సెనెకా ఫాల్స్‌లో ఆడవాళ్ళ హక్కుల సభ. ఆడవాళ్ళకి ఓటు కావాలన్న తీర్మానం పెడితే, నవ్వులపాలవుతామని అక్కడి ఆడవాళ్ళలోనే కొందరు వెనకాడారు. లేచి దాన్ని నిలబెట్టింది డగ్లస్. 1869లో మాత్రం, దక్షిణాదిలో నల్లవాళ్ళని ఇళ్ళలోంచి లాగి చంపుతున్నారు, మాకు ఓటు ప్రాణం సమస్య అన్నాడు. ఆడవాళ్ళ ఓటు ఉద్యమ నాయకురాలు స్టాంటన్ అప్పుడు నల్లవాళ్ళ గురించి వాడిన మాటలు కూడా చదవండి, సిగ్గేస్తుంది. నల్ల ఆడవాళ్ళు ఈ రెండు వాదాల మధ్యా నలిగారు, అది నిజం.

అయినా ఆయన ఆ ఉద్యమాన్ని వదల్లేదు. 1895 ఫిబ్రవరి 20న పగలు మహిళల సభకి వెళ్ళి కూర్చున్నాడు, సాయంత్రం ఇంటికొచ్చి కూలిపోయాడు. మీరు చూసిన ఆ ఇంట్లోనే, అబ్బాయి గారూ.

ఇంకోటి. షికాగో 1893 అంటే మనకి వివేకానందుడే గుర్తొస్తాడు. అదే వేసవిలో, అదే ప్రదర్శనలో, ముసలి డగ్లస్ హైతీ దేశం మండపంలో కూర్చుని ఉన్నాడు. ఈ ప్రదర్శనలో నల్లవాళ్ళకి చోటెందుకు లేదు అని అడిగే కరపత్రాన్ని నల్లజాతి పాత్రికేయురాలు ఐడా వెల్స్ అక్కడి నుంచే పంచింది. ఆవిడకి ముప్పై ఒకటి, ఆయనకి డెబ్బై ఐదు. లించింగ్ మీద, అంటే నల్లవాళ్ళని మూకలు చంపడం మీద, ఆవిడ చేసిన పోరాటం అక్కడితో ఆగలేదు, ముప్పై ఏళ్ళు నడిచింది. నాన్నగారి ప్రశ్నకి నేను చెప్పేది ఇదే: ఆయన పక్కన ఆ రోజు ఎవరు కూర్చుని ఉన్నారో చూడమనండి.

మోడరేటర్
మధ్యలో స్టాంటన్ గారి మీద వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. వాదించండి, తిట్టుకోవద్దు.

సీమ చినుకు
అమ్మగారి ప్రశ్న అలాగే ఉండిపోయింది. రాత్రంతా వెతికి, పెద్ద కూతురు రొసెట్టా తల్లి గురించి 1900లో చెప్పిన జ్ఞాపకాలు చదివాను.

మొదట ఒకటి సరిచేసుకోవాలి. పెళ్ళికి ముందు ఆనాయే స్వేచ్ఛగా ఉన్న మనిషి, ఆయన బానిస. బాల్టిమోర్‌లో ఇళ్ళలో పనిచేసి డబ్బు వెనకేసుకుంది. ఆయన 1838 సెప్టెంబర్ 3న నావికుడి వేషంలో రైలెక్కింది ఆవిడ ఇచ్చిన డబ్బుతో. దాని కోసం ఆవిడ తన పరుపు అమ్మిందంటారు. పన్నెండు రోజుల తరవాత న్యూయార్క్‌లో పెళ్ళి. ఆయన రెండేళ్ళు బ్రిటన్‌లో ఉన్నప్పుడు, లిన్ అనే ఊళ్ళో ఇంట్లో కూర్చుని చెప్పులు కుట్టే కంపెనీలకి పీసు పని చేసి పిల్లల్ని పోషించింది. ఆ కూలిలోంచే ఉద్యమానికి చందా కూడా తీసి పెట్టింది. ఆయన ఆత్మకథలు మూడు రాశాడు. వాటిలో ఆవిడకి దక్కినవి కొద్ది వాక్యాలే.

చదువు ఎందుకు రాలేదంటే, ఒక్క కారణం చెప్పలేను. ఐదుగురు పిల్లలు, ఎప్పుడూ చుట్టాలు, పారిపోయి వచ్చినవాళ్ళు. 1858లో, బానిసత్వం మీద ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్ వారాల తరబడి వాళ్ళింట్లోనే ఉన్నాడు. ఆవిడకి కుర్చీలో కూర్చునే తీరిక ఎప్పుడు దొరికింది? ఇవన్నీ ఆయన వైపు నుంచి సాకులు అని కూడా అనవచ్చు. సెనెకా ఫాల్స్ సభ జరిగిన 1848లోనే ఇక్కడ ఫూలే, తను చదువు చెప్పిన భార్య సావిత్రిబాయితో కలిసి పుణెలో ఆడపిల్లల బడి తెరిచాడు కదా. వీలుపడదు అనడానికి లేదు.

రొసెట్టా మాటలు రెండు. నాన్న కథ అందరూ చెప్పారు, ఆ కథ సాధ్యమైంది ఆనా మర్రే వల్ల అని. ఇంకోటి, నాన్న మా అమ్మకి గౌరవ అతిథి అని. ఎప్పుడో ఒకసారి ఇంటికొచ్చేవాడు, వస్తున్నాడంటే ఇల్లంతా హడావిడి అట.

ఎదురుగాలి
గౌరవ అతిథి. ఈ ఒక్క మాట ముందు మనం ఇంతసేపు వాదించినదంతా చిన్నదైపోయింది.

తెనాలి అబ్బాయి
అందరికీ థాంక్స్. రాత్రి భోజనాలయ్యాక సీమ చినుకు గారి పోస్టు చదివి వినిపించాను. పరుపు అమ్మిన చోట అమ్మ "ఊఁ" అంది. చెప్పులు కుట్టిన చోట మళ్ళీ చదవమంది. గౌరవ అతిథి దగ్గరికి వచ్చేసరికి ఫక్కున నవ్వి, నాన్నగారి వైపు తిరిగి, "సంఘం మీటింగని మీరు గుంటూరు వెళ్తే వారానికి వచ్చేవారు. గేదెలు మూడు, వీడికి టైఫాయిడ్. నేనూ మీకు గారెలే వండి పెట్టాను" అంది.

నాన్నగారు ఏమీ అనలేదు. కాసేపటికి లేచి పళ్ళేలు సింకులో వేశారు. తొలిసారి కాదులెండి, అమెరికా వచ్చాక అలవాటైంది.

ఆ రొసెట్టా వ్యాసం మొత్తం తెలుగులో ఎవరైనా చేస్తే అమ్మ చదువుతానంటోంది. అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉండాలట.

సీమ చినుకు
నేను మొదలుపెట్టాను. ఆదివారానికి రెండు పేజీలు ఇక్కడే పెడతాను.